గుంటల లెక్క తెలిసిన టెస్టర్‌ను మొదటి రోజే పిలవాలి

రెండెకరాల ఇరవై గుంటలకు ఎకరం ముప్పై గుంటలు కలిపితే ఎంత? మిర్యాలగూడ దగ్గర వరి పండించే ఏ రైతునడిగినా నాలుగెకరాల పది గుంటలని వెంటనే చెప్తాడు. కాగితం మీద వీటిని 2.20, 1.30 అని రాసుకుంటాం. అవి మామూలు దశాంశాలే అనుకున్న ప్రోగ్రామర్ చేతిలో మొత్తం 3.50 అవుతుంది. దాన్ని మూడున్నర ఎకరాలుగా చదివితే ముప్పై గుంటలు, అంటే ముప్పావు ఎకరం, లెక్కలోంచి మాయం. ఎకరానికి 40 గుంటలు కాబట్టి చుక్క తర్వాత 39 దాటిన అంకె రానే కూడదు. కానీ ఈ తప్పుకు ప్రోగ్రామ్ ఆగిపోదు, తప్పని చెప్పే ఎర్ర అక్షరాలు రావు. అన్నీ పాసైనట్టే కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవాల్సింది సాఫ్ట్‌వేర్‌ను జనానికి వదిలేముందు పరీక్షించే టెస్టర్.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో, నల్లగొండలో అదే ఏడాది అక్టోబరులో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఉద్యోగాలెన్ని వచ్చాయని అడుగుతున్నాం, అడగాలి కూడా. అక్కడ పని ఎట్లా జరుగుతుందన్నది కూడా నాకు అంతే ముఖ్యం. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో సెలీనియం (వెబ్‌సైట్లను ఆటోమేటిగ్గా పరీక్షించే టూల్) నేర్చుకుని టెస్టింగ్‌లోకి వచ్చే మన జిల్లాల పిల్లలు చాలామందే ఉన్నారు. టీమ్‌లో వాళ్లకు దక్కేది చివరి కుర్చీ. కోడింగ్ ఆలస్యమవుతుంది, సాఫ్ట్‌వేర్‌ను వదిలే రిలీజ్ తేదీ మాత్రం మారదు. ఆలస్యమైన రోజులన్నీ టెస్టింగ్‌లోంచే కోస్తారు. ఆ టెన్షన్‌లో ఎవరైనా చేయగలిగింది చేతికిచ్చిన జాబితాకు టిక్కులు పెట్టడమే. గుంటల ప్రశ్న ఆ జాబితాలో ఉండదు. జాబితా రాసిననాడు పొలం లెక్క తెలిసిన టెస్టర్‌ను ఎవరూ పిలవలేదు మరి.

టెస్టుల సంఖ్య పెంచితే సరిపోతుందనుకునేవాళ్లు 2024 జులై 19ని గుర్తు చేసుకోవాలి. ఆ రోజు కంప్యూటర్లకు సైబర్ భద్రత ఇచ్చే క్రౌడ్‌స్ట్రయిక్ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇవ్వాల్సి వచ్చింది. కారణాన్ని కంపెనీయే తర్వాత నివేదికలో వివరించింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం 21 విలువల కోసం చూస్తుంటే ఇంకో భాగం 20 మాత్రమే ఇచ్చింది. ముందు టెస్టులు జరగకపోలేదు. 21వ చోట ‘ఏదున్నా సరే’ అనే గుర్తు పెట్టి పరీక్షించడంతో లోటు బయటపడలేదు. పైగా కొన్ని కంప్యూటర్లకు ముందు పంపి చూడకుండా అందరికీ ఒకేసారి వదిలారు. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన మిషన్లను చాలాచోట్ల మనుషులు ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది.

ఇంత పెద్ద కంపెనీలో కూడా జారిపోయింది ఒక ప్రశ్నే. ఆ 21వ విలువను నిజంగానే చూడాల్సి వస్తే ఏమవుతుంది? ఇలాంటి ప్రశ్న ఆ లెక్కతో బతికినవాళ్లకు తొందరగా తడుతుంది. తట్టిన ప్రశ్న నోటిమాటగా పోకూడదు. 39 గుంటలకు ఒకటి కలిపితే ఎకరం కావాలి, రెండు కలిపితే ఎకరం ఒక గుంట కావాలి అనే పరీక్షలను కోడ్‌గా రాసి, ఎవరు ఏ మార్పు చేసినా వాటంతటవే నడిచేట్టు పెట్టాలి. ఆ పరీక్షలు రాయడం డెవలపర్ పని కూడా.

వేగం విషయంలో సగటు అంకెలు బాగా మోసం చేస్తాయి. వందమందిలో 95 మందికి ఒక సెకనులో, ఐదుగురికి 40 సెకన్లలో పేజీ తెరుచుకుందనుకోండి. సగటు మూడు సెకన్ల లోపే. రిపోర్టు చూసి అందరూ సంతోషిస్తారు. ఆ ఐదుగురూ సిగ్నల్ సరిగా అందని అమ్రాబాద్ అడవి పల్లెల్లోనో, పాత ఫోన్ చేతిలో పట్టుకుని మరోచోటో ఉంటారు. ఓటీపీ వచ్చేలోపు గడువు అయిపోతుంది. డబ్బు కట్టే మనిషి ఏమీ కదలట్లేదని బటన్ మళ్లీ నొక్కుతాడు, డబ్బు రెండుసార్లు పోతుంది. ప్రతి చెల్లింపుకూ ముందే ఒక ప్రత్యేక నంబరిస్తే, రెండో నొక్కును సర్వర్ గుర్తుపట్టి వదిలేయగలదు. ఇది తెలియని విద్య కాదు. ఆఫీసు వైఫైలో కొత్త ఫోన్‌తో చూసేవాళ్లకు దాని అవసరం కనిపించదు, అంతే. అందుకే సగటును పక్కనపెట్టి, అందరికంటే ఎక్కువసేపు ఆగిన ఆ ఐదుగురి సమయాన్ని కొలవాలి. టీమ్‌లో ఒకరు రిలీజ్‌కు ముందు పాత ఫోన్ తీసుకుని అచ్చంపేట దాటి వెళ్లి చూడాలి. బస్సు చార్జీలు కంపెనీ ఇవ్వాలి.

ఏ సాఫ్ట్‌వేర్ తయారుచేయాలో మాట్లాడుకునే మొదటి మీటింగ్‌లోనే టెస్టర్ ఉండాలి. రిలీజ్‌ను ఆపమని చెప్పే హక్కు కూడా ఉండాలి. టెస్టర్ ఆపమన్నాక కూడా వదలాలనుకుంటే, ఆ మేనేజర్ తన పేరుతో కారణం రాసిపెట్టాలి. నల్లగొండ, దివిటిపల్లి టవర్లలో కొత్తగా మొదలయ్యే టీమ్‌లకు వదిలించుకోవాల్సిన పాత అలవాట్లు తక్కువ. ఈ పద్ధతిని మొదటి రిలీజ్ నుంచే పెట్టుకోవచ్చు.