వెండి చెంచాకు పుట్టగొడుగు విషం తెలియదు

వానలు పడితే చాలు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "పుట్టగొడుగులు మంచివో విషమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఉడికేటప్పుడు వెండి చెంచా గానీ వెల్లుల్లి రెబ్బ గానీ వేయండి. నల్లబడితే విషం. పురుగులు తిన్నవి మంచివి. తెల్లవి తినొచ్చు, రంగువి వద్దు. పుట్ట మీద మొలిచినవన్నీ మంచివే. అనుమానంగా ఉంటే చింతపండు వేసి బాగా ఉడికించండి. తిన్న రెండు గంటల్లో ఏమీ కాకపోతే ఇక భయం లేదు."

పంపేవాళ్లు పదిమందికీ మేలు జరగాలనే పంపుతున్నారు. కానీ ఇందులో నమ్మదగిన పరీక్ష ఒక్కటీ లేదు. చివరి మాటైతే మనిషిని ఆసుపత్రికి వెళ్లకుండా ఆపేస్తుంది.

వెండి చెంచా సంగతి. వెండి నల్లబడేది గంధకం తగిలితే. కోడిగుడ్డు తినడానికి వాడిన వెండి చెంచా కూడా నల్లబడుతుంది, అంతమాత్రాన గుడ్డు విషం కాదు. పుట్టగొడుగుల్లో ప్రాణం తీసే ముఖ్యమైన విషం అమాటాక్సిన్. అది వెండిని నల్లబరచదు. వెల్లుల్లి రంగు మారితే దానికి కారణం వెల్లుల్లిలోనే ఉన్న పదార్థాలు. చెంచా మెరుస్తూనే ఉంటుంది, కూరలో విషం ఉంటుంది.

పురుగులు తిన్నాయంటే అది పురుగులకు సరిపడిందని మాత్రమే అర్థం. ప్రపంచంలో ఎక్కువమందిని చంపిన పుట్టగొడుగైన డెత్ క్యాప్‌ను నత్తలు, పురుగులు కొరికి తింటాయి. వాటికి పడినది మన కాలేయానికి పడదు.

"తెల్లవి మంచివి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, మన ఊళ్లలో ఎక్కువ నమ్మేది దీన్నే. అమానిటా జాతిలో 'డెస్ట్రాయింగ్ ఏంజెల్' అని పిలిచేవి నఖశిఖపర్యంతం తెల్లగా ఉంటాయి, చంపేస్తాయి. వాటి సంగతి అలా ఉంచితే, మన పెరట్లో, పచ్చిక ఉన్న గ్రౌండులో, తోటల్లో వాన తర్వాత గుంపులుగా, ఒక్కోసారి గుండ్రంగా వరస కట్టి పెద్ద పెద్ద గొడుగులు లేస్తాయి. తెల్లటి గొడుగు, మధ్యలో గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. పేరు క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్. చూడటానికి కండగా, శుభ్రంగా ఉంటుంది, కూరకు కోసుకోవాలనే అనిపిస్తుంది. తింటే సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్నపిల్లలకు ఒంట్లో నీరు పోయి ప్రమాదం దాకా వెళ్లవచ్చు. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులు కూడా తెల్లగానే ఉంటాయి. ముదిరాకే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. మనం కోసేదేమో లేతవాటిని.

దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బాగా విచ్చుకున్న గొడుగును కాడ తీసేసి, రేకులు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి బీజాల పొడి కాగితం మీద రాలుతుంది. అది మాసిన ఆకుపచ్చగా ఉంటే క్లోరోఫిల్లమే. అమానిటాలకు తెల్ల పొడి రాలుతుంది. అది కనబడాలంటే సగం నల్ల కాగితం పరచాలి. అయితే ఆకుపచ్చ పొడి రాలేదు కదా అని వండుకోకూడదు. ఇది గుర్తుపట్టడంలో ఒక మెట్టు మాత్రమే.

పుట్ట మీద మొలిచినవన్నీ మంచివేనా? ఈ మాటలో సగం నిజం ఉంది, అందుకే ఇది ఎక్కువ మోసం చేస్తుంది. అసలైన పుట్టగొడుగులు టెర్మిటోమైసిస్ అనే జాతి. చెదపురుగులు పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వాన పడి నేల తడిశాక అక్కడి నుంచే గొడుగు పైకి తన్నుకొస్తుంది. కాబట్టి దాని కాడ నేలలోకి వేరులా చాలా లోతుకు, చెదల గూడు దాకా సాగి ఉంటుంది. గొడుగు నడిమిన మొన తేలి ఉంటుంది, బీజాల పొడి లేత గులాబీ రంగు. ఇన్నీ కలిస్తేనే అది అసలైన పుట్టగొడుగు. పుట్ట పక్కన ఎండుటాకుల మీద, గడ్డిలో ఇంకేవైనా మొలవవచ్చు, వాటికి పుట్టతో ఏ సంబంధమూ లేదు. మనమేమో కాడను నేల దగ్గరే విరిచి తెస్తాం. గుర్తుపట్టడానికి అన్నిటికన్నా పనికొచ్చే భాగం మట్టిలోనే ఉండిపోతుంది.

అడుగుభాగం ఎంత ముఖ్యమో వరిగడ్డి పుట్టగొడుగు చూస్తే తెలుస్తుంది. నెల్లూరు అంటేనే వరి. కుళ్లుతున్న గడ్డి మీద లేచే, తినదగిన ఈ గొడుగుకు కాడ అడుగున సంచి లాంటి తొడుగు ఉంటుంది. డెత్ క్యాప్‌కూ అలాంటి సంచే ఉంటుంది. 2011 డిసెంబర్ 31 రాత్రి ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో వరిగడ్డి పుట్టగొడుగులనుకుని డెత్ క్యాప్‌లు వండుకున్నారు. ఇద్దరు చనిపోయారు. వాళ్లలో ఒకరు వంట మాస్టరే. మన దేశంలోనే, 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

పులుసు పెడితే విషం విరుగుతుందన్నది కూడా అబద్ధం. అమాటాక్సిన్ ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. చింతపండు రుచి మారుస్తుంది, అంతే.

ఇక రెండు గంటల మాట. అమాటాక్సిన్ ఉన్న గొడుగు తిన్నాక మామూలుగా ఆరు గంటల నుంచి ఒక రోజు దాకా ఏమీ తెలియదు. రాత్రి తిన్నవాళ్లు హాయిగా నిద్రపోతారు. తర్వాత విపరీతమైన కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. ఒకటి రెండు రోజులకు అవి తగ్గుతాయి, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఇంట్లోవాళ్లు టెన్షన్ తగ్గి ఊపిరి పీల్చుకుంటారు. ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు కామెర్లు, స్పృహ తప్పడం. అప్పుడు కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు. తిన్న ఆరు గంటల తర్వాత మొదలైన వాంతులు, వెంటనే మొదలైనవాటి కంటే ఎక్కువ భయపడాల్సినవి. మెసేజ్ దీన్ని సరిగ్గా తలకిందులు చేసి చెబుతోంది.

"మా అవ్వ ఏళ్ల తరబడి తెచ్చి వండింది, ఎవరికీ ఏమీ కాలేదు" అంటారు. నిజమే. ఆమె తనకు తెలిసిన ఒకటి రెండు రకాలను, తెలిసిన చోట, తెలిసిన కాలంలో, మొదలంటా చూసి తెచ్చి ఉంటుంది. నల్లమలలో చెంచుల్లో, నెల్లూరు వైపు యానాదుల్లో అడవి తిండి ఎరిగిన పెద్దల తెలివీ ఇలాంటి ఎరుకే. దాన్ని నేను గౌరవిస్తాను. చెంచా పరీక్షను ఆ తెలివితో కలిపి 'పెద్దల మాట' అనడం వాళ్లకే అన్యాయం. ఆ ఎరుక ఉన్న మనిషి గొడుగును స్వయంగా చూసి చెప్పకపోతే తినవద్దు. ఫోన్‌లో ఫొటో పంపి అడిగితే లెక్కలోకి రాదు, యాప్ చెప్పిన పేరు అసలే రాదు. ముట్టుకుంటే మాత్రం ఏమీ కాదు, కాబట్టి పిల్లలకు చూపించి నేర్పించవచ్చు.

పొరపాటున తిన్నారా? అనుమానం వచ్చిన క్షణమే 108కి ఫోన్ చేయండి. అదే కూర తిన్నవాళ్లందరూ వెళ్లాలి, బాగున్నవాళ్లతో సహా. మిగిలిన గొడుగులు ఉంటే ప్లాస్టిక్ కవర్‌లో కాకుండా కాగితంలో చుట్టి, కూర మిగిలితే అదీ గిన్నెతో తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారో, మొదటి వాంతి ఎన్ని గంటలకు అయిందో డాక్టర్‌కు చెప్పండి.