లో వోల్టేజీకి ట్యాప్ ఒక్కటే మందు కాదు

లైను చివర లో వోల్టేజీ అని ఫిర్యాదు రాగానే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని మెట్లుగా పెంచే, తగ్గించే అమరిక) ఒక మెట్టు పెంచేయడం పాత అలవాటు. రూఫ్‌టాప్ సోలార్ పెరిగిన లైన్లలో ఆ అలవాటు కొత్త చిక్కు తెస్తోంది.

230 వోల్టుల సరఫరాకు అటూఇటూ 10 శాతం హద్దు అనుకుంటే వోల్టేజీ 207, 253 మధ్య ఉండాలి. లైను చివర రాత్రి పీక్‌లో 204, మిట్టమధ్యాహ్నం 248 వస్తోందనుకుందాం. ట్యాప్ 2.5 శాతం పెంచితే రాత్రి 209 అవుతుంది, మధ్యాహ్నం 254 దాటుతుంది. సోలార్ ఇన్వర్టర్లు ట్రిప్ కావడం మొదలవుతుంది. సరఫరా ఆపి మార్చాల్సిన ట్యాప్ కాబట్టి పూటపూటా తిప్పలేం. ట్యాప్ రెండు రీడింగులనూ పైకి జరుపుతుందే తప్ప వాటి మధ్య తేడాను తగ్గించదు. తగ్గించాల్సింది ఆ తేడానే.

ముందు ఫేజుల లోడు చూడాలి. పీక్‌లో టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) మూడు ఫేజులూ, న్యూట్రలూ కొలవాలి. ఒక ఫేజులో 90, మిగతా రెండింట్లో 40 చొప్పున ఆంపియర్లుంటే, పవర్ ఫ్యాక్టర్ ఒకేలా ఉన్నప్పుడు న్యూట్రల్‌లో 50 ఆంపియర్లు పారతాయి. న్యూట్రల్‌లో పోయే ఆ వోల్టేజీ డ్రాప్ కూడా ఎక్కువ లోడున్న ఫేజు మీదే పడుతుంది. కొన్ని సర్వీసులను వేరే ఫేజుకు మారిస్తే కొత్త కండక్టర్ లేకుండానే చాలా వోల్టేజీ తిరిగొస్తుంది. ఒక ఫేజు వోల్టేజీ పడిపోతుంటే ఇంకొకదానిది పెరుగుతోందా? న్యూట్రల్ జాయింటు వదులై ఉండొచ్చు. అది వెంటనే బిగించాల్సిన ప్రమాదం, ట్యాప్ సంగతి తర్వాత.

ఎల్టీ (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజీ) లైన్లో రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే అడ్డు) కన్నా రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి కెపాసిటర్‌తో అక్కడ దక్కేది కొద్దిపాటి వోల్టులే. పైగా వోల్టేజీ 90 శాతానికి పడితే కెపాసిటర్ ఇచ్చే రియాక్టివ్ పవర్ (వోల్టేజీని నిలబెట్టే పవర్) 81 శాతమే, అవసరమైన వేళే అది నీరసిస్తుంది. 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల దాకా వచ్చే లైను) మీద, మోటార్ల లోడుకు దగ్గరగా, స్విచ్ చేసే కెపాసిటర్ బ్యాంకు పెట్టడం మేలు.

ఎక్కువమంది గమనించని చోటు సబ్‌స్టేషన్‌లోని ఆన్‌లోడ్ ట్యాప్ ఛేంజర్ (సరఫరా ఆపకుండానే ట్యాప్ మార్చేది). లైన్ డ్రాప్ కాంపెన్సేషన్ (లైన్లో పోయే వోల్టేజీని లెక్కలోకి తీసుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే, ట్యాప్‌ను నడిపే రిలే ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును బట్టి చివరి వోల్టేజీని అంచనా వేస్తుంది. మధ్యాహ్నం సోలార్ వల్ల కరెంటు తగ్గగానే లోడు తగ్గిందనుకుని బస్ (ఫీడర్లన్నీ బయల్దేరే చోటు) వోల్టేజీ దించుతుంది. అదే బస్ మీద సోలార్ లేని ఫీడర్ ఆ పూట నిండు లోడుతో ఉంటే, పట్టపగలే దాని చివర లో వోల్టేజీ వస్తుంది. బ్యాండ్‌విడ్త్ (వోల్టేజీ ఎంత మారేదాకా ట్యాప్ కదలకూడదో ఆ హద్దు) లెక్క కూడా ముఖ్యం: ట్యాప్ మెట్టు 1.25 శాతమైతే మొత్తం బ్యాండ్ 2.5 శాతం దాకా ఉంచాలి, లేకపోతే ట్యాప్ పైకీ కిందికీ తిరుగుతూ కాంటాక్టులు అరిగిపోతాయి. ఫీడర్ మీద కింద ఇంకో వోల్టేజీ రెగ్యులేటర్ ఉంటే పైదానికి 30 సెకన్లు, కిందిదానికి 60 సెకన్ల ఆలస్యం పెట్టడం సబబు.

ఏ సెట్టింగు మార్చేముందైనా సబ్‌స్టేషన్ రీడింగొక్కటే నమ్మకుండా, లైను చివరి మీటర్ నుంచి వారం రోజుల పది నిమిషాల సగటు వోల్టేజీలు తీసి, కనిష్ఠం, గరిష్ఠం రెండూ ముందు పెట్టుకోవాలి.