వావీ వరుసా లేని ఆర్డర్ గారికి

ఇంగ్లీషు మాట మహారాజశ్రీ ఆర్డర్ గారి సముఖమునకు,

నమస్కారములు. నిన్న ఒక ఇంగ్లీషు వ్యాసం ప్రూఫులో, తమరి మనవడు ఆర్డినెన్స్ ఉండాల్సిన చోటల్లా ఆర్డ్‌నెన్స్ తిష్ఠ వేశాడు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కనక స్పెల్ చెకర్ ఎర్రగీత గీయలేదు. సర్కారు జారీ చేసిన శాసనం కాస్తా ఫిరంగుల జారీ అయింది. పోనీ అన్నీ ఒక్క దెబ్బకు మార్చేద్దామా అంటే, అదే వ్యాసంలో బ్రిటన్ పటాలు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ కూడా ఉంది. అక్కడ ఫిరంగే కరెక్టు! ఒక్కొక్కటీ వెతికి దిద్దేసరికి మధ్యాహ్నమంతా హరించుకుపోయింది.

తమరి పుట్టుక గొప్పదే. లాటిన్‌లో ‘ఓర్డో’ అంటే వరుస. మగ్గం మీద పడుగు వేసి నేత మొదలుపెట్టడాన్ని చెప్పే ‘ఓర్డిరీ’ దానికి దగ్గరి చుట్టం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి సన్యాసుల మఠాల పేరుతో వచ్చారు. 16వ శతాబ్దానికల్లా ఆజ్ఞలివ్వడం మరిగారు. మఠంలో అలవాటైందేమో, సరే.

ఈ ఆర్డ్‌నెన్స్ సంగతేమిటండీ? ‘ఏర్పాటు’ అనే ఒకే ఫ్రెంచి మాట. అది యుద్ధానికి ఏర్పాటైంది, ఆపైన యుద్ధసామగ్రి, చివరికి ఫిరంగి. 17వ శతాబ్దానికి ‘డి’ మీది గుడి ఎగరగొట్టి వేరు కాపురం పెట్టింది. గుడి ఉంటే శాసనం, గుడి పోతే ఫిరంగి! అక్కడితో ఆగారా? ఫ్రెంచివాళ్లు దండెత్తుతారన్న భయంతో బ్రిటన్ దక్షిణ తీరాన్ని కొలిచే పని 1791లో ఫిరంగులు చూసుకునే బోర్డ్ ఆఫ్ ఆర్డ్‌నెన్స్‌కే పడింది. అందుకే అక్కడ కొండలెక్కేవాళ్ల చేతిలోని పటానికి ఇవాళ్టికీ ఆయుధాగారం పేరు. పక్కన ‘జారీ’, ‘రద్దు’ ఉంటే గుడి కట్టాలి, ‘డిపో’, ‘ఫ్యాక్టరీ’ ఉంటే కట్టకూడదు. ఇంత కాపలా ఏ మాటకైనా అవసరమా? వరుస అని పేరు పెట్టుకుని ఇదేం సంసారం? సిగ్గుండాలి.

వరుసలో బుద్ధిగా నిలబడ్డ పాపానికి ఆర్డినరీ మామూలువాడయ్యాడు. ‘ఇన్ ఆర్డర్ టు’లో మొదటి రెండు మాటలూ చాలాసార్లు తిండి దండగ. ఆర్డీల్ (అగ్నిపరీక్ష), బార్డర్ మీ రక్తమే కాదు, జెర్మానిక్ భాషల సంతానం. తలో తోకో చూసి జనం చుట్టరికం కలిపేస్తున్నా తమరు నోరు మెదపరు.

ఒక్క ప్రైమోర్డియల్‌ని మాత్రం ఏమీ అనబుద్ధి కాదు. సృష్టి మొదలు గురించి మాట్లాడేంత పెద్దదైనా, పుట్టింటి పడుగు ఇంకా వదల్లేదు పిల్ల.

ఇట్లు,
ప్రూఫులు దిద్దే ఒక ప్రాణి