యోగంలో గకారం ఎక్కడిది?

(ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లు. సంస్కృతం ఎం.ఏ. చదివే ఇద్దరు. తమ్ముడి చేతిలో కృదంతాల, అంటే ధాతువులకు ప్రత్యయాలు చేరి పుట్టే మాటల, పట్టిక జిరాక్స్.)

తమ్ముడు: యుజ్ ధాతువుకు యోగం, యోజనం, యుక్తం. మూడూ బట్టీ పడితే అయిపాయె. మధ్యల సూత్రాలెందుకక్కా?

అక్క: మూడు బట్టీ పడితే మూడే వస్తయి. ప్రత్యయంల లోపించే హల్లులను చూడు, అవి ఊరికే పోవు, పనిచేసి పోతయి. ఘఞ్ అనే ప్రత్యయంల ఘ్, ఞ్ పోతే మిగిలేది అకారమే. యుజ్‌ల ఉకారానికి గుణమొచ్చి, అంటే ఉ ఓ అయి, యోజ్. ఘ్ ఇత్తు, అంటే పనిచేసి లోపించే గుర్తు, గనుక ‘చజోః కు ఘిణ్ణ్యతోః’ అనే పాణిని సూత్రంతో జ్ కాస్త గ్ అయితది. యోగం. ల్యుట్ ప్రత్యయంల మిగిలే ‘యు’ను ‘యువోరనాకౌ’ సూత్రం ‘అన’గ చేస్తది. గుణం ఉంటది గానీ ఘ్ లేదు, జకారం కదలదు. యోజనం. క్త ప్రత్యయంల క్ ఇత్తు, ‘క్ఙితి చ’ గుణాన్ని ఆపుతది, ఉకారం అట్లనే ఉంటది. యుక్తం. ఇందులో కకారం వేరే దారిన, ‘చోః కుః’తో వచ్చింది. రెంటినీ కలిపి రాసేటోళ్లు చాలామంది. ఇప్పుడు పట్టిక మూసి భుజ్‌కు చెప్పు.

తమ్ముడు: భోగం, భోజనం, భుక్తం. సరే, ఒప్పుకున్న. మరి కుచ్‌కు ఘఞ్ చేస్తే సంకోకం రావాలె గదా? సంకోచం ఎట్లొచ్చింది?

అక్క: నిష్ఠలో, అంటే క్త చేరినప్పుడు, ఇట్ అనే ఇకారం రాని ధాతువుకే ఆ కుత్వం, అంటే చ్, జ్ పోయి క్, గ్ వచ్చుడు, అని వార్తికం ఉంది, పాణిని సూత్రానికి చేర్పు. సంకుచితంల ఇకారం కనబడ్తలేదా? త్యక్తంల లేదు, అందుకే త్యాగం. ముందు క్తాంతం, అంటే క్త చేరిన రూపం, చూడు, తర్వాతే ఘఞ్ చెయ్యి.

తమ్ముడు: అయితే శోకం? ఏడ్చే శుచ్‌కు శోచితం, ఇకారం ఉంది. నీ లెక్కన శోచం కావాలె.

అక్క: ...దాన్ని విడిగా చెప్పుకోవాలె.

తమ్ముడు: విడిగా చెప్పుకునేదే పట్టిక! పక్వంల త బదులు వ కోసం ‘పచో వః’ అని ఒక్క ధాతువుకే సూత్రం. ఉణాదులనే ప్రత్యయాల కాడ పాణినే ‘బహులమ్’, అంటే ఒక్క తీరుగ రావు, అన్నడు. దారిని వ్యాపించేది అశ్వమైతే దారెంట పోయేదంతా అశ్వమే కావాలె గదా, అని పాత వైయాకరణుడు గార్గ్యుని వాదన, పదాల పుట్టుక చెప్పే యాస్కుని నిరుక్తంలనే ఉండె.

అక్క: గార్గ్యుడు కొట్టింది అన్ని నామాలూ ధాతువులకెళ్లే పుట్టినయన్నోళ్లను. నేను అట్లంటలేను. ఉణాదులు నువ్వే ఉంచుకో.

తమ్ముడు: ఇంకోటి. రవీంద్రభారతి కాడ పోస్టర్ల మీద ‘గాయని’ అని రాస్తరు. గాయకకు స్త్రీలింగం గాయిక. తప్పు గదా?

అక్క: తప్పెట్లయితది? గాయక ణ్వుల్ ప్రత్యయంతో వచ్చింది. గై ధాతువుకు ‘ణ్యుట్ చ’ అని ఇంకో సూత్రముంది, దాంతో గాయన. ట్ ఇత్తు గనుక ఙీప్ అనే స్త్రీ ప్రత్యయం, గాయనీ.

తమ్ముడు: మరి గాయకురాలు?

అక్క: అది తెలుగు, పాణిని జోలికి రాదు. నీ జిరాక్స్‌లో గాయన ఉందా చూడు.

తమ్ముడు: (వెతికి) లేదు. శోకం ఉంది.