ప్రాసెసర్ మాత్రం మనిష్టం కాదు
లాప్‌టాప్ కోసం నెల రోజులుగా వెతుకుతున్నాను. నచ్చిన మోడల్‌లో మెమరీ పెంచుకోవచ్చు, స్క్రీన్ మార్చుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం వాళ్లు పెట్టిన కంపెనీదే! ఎంత విసుగ్గా ఉందో.

ప్రాసెసర్ చిప్ కంపెనీ మారితే మదర్‌బోర్డు కొత్తగా డిజైన్ చేయాలి, టెస్టింగ్ అంతా మళ్లీ చేయాలి. అది ఒప్పుకుంటాను. కానీ సంగతి అంతటితో ఆగదు. డెల్ 2006 దాకా ఇంటెల్ చిప్‌లే వాడింది. అలా వాడినందుకు ఇంటెల్ ఇచ్చిన డబ్బు, 2007 ఆర్థిక సంవత్సరం (డెల్ లెక్కలో అది 2006 మొదట్లోనే మొదలైంది) మొదటి త్రైమాసికంలో డెల్ నిర్వహణ లాభంలో 76 శాతానికి చేరిందని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2010లో ఆరోపించింది. డెల్ 10 కోట్ల డాలర్లు కట్టి ఆ కేసు తేల్చుకుంది.

అది చదివినప్పటి నుంచి ఏ మోడల్ చూసినా అదే టెన్షన్. ఈ చిప్ బాగుందని పెట్టారా, డిస్కౌంట్ వచ్చిందని పెట్టారా? డబ్బు కట్టే మనకు ఆ మాట ఎవరు చెప్తారు?