సవరణ: కొత్త కోచ్ పేరు వరల్డ్ కప్‌కు ముందే ఖాయమైంది

న్యూజిలాండ్ రగ్బీ జట్టు హెడ్ కోచ్ ఎంపికపై నిన్నటి పోస్టులో ‘2023 వరల్డ్ కప్ ఫైనల్లో ఓడాక ఇయాన్ ఫోస్టర్‌ను తప్పించి స్కాట్ రాబర్ట్‌సన్‌ను తెచ్చారు’ అని ఉంది. వరస అది కాదు. రాబర్ట్‌సన్ పేరును బోర్డు 2023 మార్చిలోనే ప్రకటించింది. టోర్నీ మొదలైంది సెప్టెంబరులో.

తేదీల తేడాయే కదా అనుకోవద్దు. తన కుర్చీలోకి ఎవరు వస్తున్నారో లోకమంతటికీ తెలిశాక, ఆ టెన్షన్‌లోనే ఫోస్టర్ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. పారిస్‌లో కెప్టెన్ సామ్ కేన్ మొదటి అర్ధభాగంలోనే ఎల్లో కార్డుతో బయటికొచ్చాడు. సమీక్షలో అది రెడ్‌గా మారింది. మిగతా ఆటంతా న్యూజిలాండ్ తరఫున పదిహేను మందికి బదులు పద్నాలుగు మందే. అయినా దక్షిణాఫ్రికా గెలిచింది 12-11తో, ఒక్క పాయింటు తేడాతోనే. రాబర్ట్‌సన్ పేరు ముందే ఖాయమైంది కాబట్టి ఆ ఓటమిని కోచ్ మార్పుకు కారణంగా చూపడం కుదరదు. అంత ముందుగా పేరు చెప్పడం ఫోస్టర్‌కు న్యాయం కాదనే నా అభిప్రాయంలో మాత్రం మార్పు లేదు.

ఇంకో చిన్న వివరణ: అంతకుముందు కోచ్‌గా ఉన్న న్యూజిలాండ్ జట్టు క్రూసేడర్స్‌తో రాబర్ట్‌సన్ గెలిచిన టైటిళ్లలో 2020, 2021వి న్యూజిలాండ్ జట్ల మధ్యే జరిగిన సూపర్ రగ్బీ ఆవోటెయరోవా పోటీలవి.