రిహార్సల్స్‌కు చందా ఇవ్వండి

సంక్రాంతికో శ్రీరామనవమికో సొంత ఊళ్లో నాటకం వేయించడానికి డబ్బు పంపేవారు విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో చాలామందే ఉన్నారు. వారి అభిమానాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో చూస్తే మాత్రం మనసు కష్టపడుతుంది. పెద్ద వేదిక, ఎల్ఈడీ తెర, దాతల ఫొటోలతో ఫ్లెక్సీలు, ముఖ్య అతిథిగా ఒక సినిమా నటుడు, కాంట్రాక్టు మీద పట్నం నుంచి వచ్చే పేరున్న కళాకారులు. ఊరి నాటక సమాజం వాళ్లు ఆ రాత్రి కుర్చీలు సర్ది, వచ్చినవాళ్ల భోజనాలు చూసి, చివరి వరుస వెనక నిలబడి నాటకం చూస్తారు. మనం పంపిన డబ్బే వాళ్లను వేదిక మీద నుంచి దించేసింది.

ఊరికి పంపేది ప్రదర్శనకు కాకుండా రిహార్సల్స్‌కు పంపాలని నా వాదన.

ప్రదర్శన ఒక్క రాత్రితో అయిపోతుంది. సమాజం అసలు బతికేది దానికి ముందు రెండు మూడు నెలల్లో. మా ఊరు తెనాలికి దగ్గర. రామాలయం వెనక గదిలో, అందరి భోజనాలూ అయ్యాక హార్మోనియం మొదలయ్యేది. మాస్టారు పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవారు. కర్ణుడి వేషం కట్టే రైతుకు చదువు రాదు. కూతురు పోర్షన్, అంటే అతని పాత్ర మాటలూ పద్యాలూ, చదివి వినిపిస్తుంటే మొత్తం కంఠస్థం చేశాడు. గొంతు బ్రహ్మాండం, కానీ పెద్ద సమాసం వస్తే మధ్యలో ఊపిరి తీసుకునేవాడు. మాస్టారు హార్మోనియం ఆపేసి, "రాగం తర్వాత. ముందు మాట చెప్పవయ్యా" అనేవారు. పద్యాన్ని మామూలు మాటల్లా చెప్పించేవారు. ఎవరితో అంటున్నాడో, ఎందుకంటున్నాడో తెలిసేదాకా రాగం ఎత్తుకోనిచ్చేవారు కాదు. అర్థం పట్టుబడ్డాక ఊపిరి దానంతట అదే సరైన చోట ఆగింది. గుమ్మంలో కూర్చుని వింటున్న మాకూ ఆ పద్యాలు నోటికి వచ్చేశాయి. బడిలో ఛందస్సు పాఠం రాకముందే సీస పద్యం ఎక్కడ విరుగుతుందో, దాని చివర వచ్చే ఎత్తుగీతి ఎలా అందుకోవాలో మా చెవులకు తెలుసు. ఇక్కడ వారాంతపు తెలుగు బడులకు మనం ఎంత శ్రమపడుతున్నామో తలుచుకుంటే, ఊళ్లో ఆ గదికి తాళం పడటం ఎంత నష్టమో అర్థమవుతుంది.

తిరుపతి వేంకట కవులు భారతకథ మీద రాసిన పద్యనాటకాలు, పాండవోద్యోగ విజయాలనే తీసుకోండి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి మహానటులు ఆడిన రోజుల్లో జనం బండ్లు కట్టుకుని వచ్చి తెల్లవార్లూ కూర్చునేవారు, పద్యం పద్యానికీ వన్స్‌మోర్ కొట్టేవారు. కృష్ణుడు పడక మీద ఉండగా అర్జునుడూ దుర్యోధనుడూ సాయమడగడానికి వచ్చే పడక సీనుకు ఒక కృష్ణుడు, కౌరవ సభలో రాయబారానికి మరో కృష్ణుడు అని పోస్టర్లు వేసేవారు. ఆ పద్ధతిని ఊరి సమాజాలు మరో అవసరానికి వాడుకున్నాయి. కృష్ణుడి పద్యాలన్నీ ఒక్కరే మోయలేరు కాబట్టి సీనుకొకరు పంచుకున్నారు. బియ్యం మిల్లు గుమాస్తాకూ, టైలరుకూ, పదో తరగతి తప్పిన కుర్రాడికీ కిరీటం పెట్టుకునే వీలు కలిగింది. కాంట్రాక్టు బృందాన్ని పిలిచినప్పుడు ఊరికి మంచి పద్యాలు వినపడతాయి, నిజమే. కానీ ఆ కుర్రాడికి వేషం దొరకదు.

మన ఆధునిక నాటకరంగం చాలావరకు ఇతర ఉద్యోగాలు చేసుకునేవారి చేతుల్లోనే పెరిగింది. సురభి కుటుంబాలు 1885 నుంచి నాటకాన్నే జీవనాధారం చేసుకున్నాయి, వారి దారి వేరు. బళ్లారిలో 1886లో సరస వినోదినీ సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వృత్తికి ప్లీడరు. 1940లలో వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి, తెలంగాణ రైతు పోరాటం మీది 'మాభూమి' నాటకాన్ని ఊరూరా ఆడినప్పుడు వేషాలు కట్టినవారిలో రైతులూ కూలీలూ ఉన్నారు. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. తర్వాత పరిషత్తుల పేరుతో జరిగే నాటక పోటీలు పల్లెలకూ పాకాయి. పోటీల వల్ల సాంఘిక నాటికల్లో రచన, దర్శకత్వం పదును తేలాయి. మరోవైపు కొన్ని సమాజాలు జడ్జీల కోసమే నాటిక తయారుచేసి, సొంత ఊళ్లో ఒక్కసారైనా ఆడకుండా ఊరూరా తిరిగే పరిస్థితి కూడా వచ్చింది. నాకది నచ్చదు.

స్త్రీ పాత్రల సంగతి మాత్రం మనం ఆగి ఆలోచించాలి. ఒకప్పుడు మగవారే ఆ వేషాలు కట్టేవారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా తెలుగు దేశాన్ని ఊపేశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తర్వాత నటీమణులు వచ్చారు. ఊరి ఆడపిల్లను వేదిక ఎక్కనివ్వని సమాజాలు పట్నం నుంచి నటిని పిలిపించుకునేవి, ఇప్పటికీ పిలిపించుకుంటాయి. ఆమె ఈ రాత్రి ఒక ఊళ్లో చంద్రమతి, రేపు రాత్రి మరో ఊళ్లో ద్రౌపది. పెట్టె పట్టుకుని బస్సులో దిగుతుంది. రిహార్సల్స్‌కు పిలిస్తే ఆ రోజులకూ డబ్బివ్వాలి కాబట్టి నాటకం రోజునే పిలుస్తారు. హరిశ్చంద్రుడు మూడు నెలలు సాధన చేస్తాడు, చంద్రమతి ఆ సాయంత్రమే అతని ముఖం చూస్తుంది. అయినా కాటి సీనులో జనాన్ని ఏడిపించేది ఆమే. అంత చేసిన మనిషి దుస్తులు మార్చుకోవడానికి తలుపున్న గది ఉండదు. పాంప్లెట్‌లో పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెల్లవారుజామున ఆమెను బస్‌స్టాండులో దింపడానికి ఎవరూ మేలుకొని ఉండరు. మన డబ్బు మొట్టమొదట చేరాల్సింది ఇక్కడికి. రిహార్సల్స్ రోజులకు ఆమె పారితోషికం, రానుపోను బండి, గడియ పడే గది.

ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పాలి. చాలా ఊళ్లలో మాదిరిగానే మా ఊళ్లోనూ దళితవాడకు వేరే సమాజం ఉండేది. హరిశ్చంద్ర వాళ్లూ ఆడేవారు, హార్మోనియం కూడా వాళ్లకు విడిగా ఉండేది. రామాలయం కమిటీ పేరున మనం పంపే డబ్బులో ఒక్క రూపాయి కూడా ఆ వాడకు చేరదు. ఊరంతటికీ ఇస్తున్నామని అనుకుంటూ ఊరిలో సగానికి మాత్రమే ఇస్తున్నాం. పాత చీలికను మన డాలర్లతో గట్టిపరచడం తప్పు. ఇచ్చేటప్పుడే ఇద్దరికీ ఇవ్వాలి. రెండు సమాజాలూ కలిసి ఒకే నాటకం వేస్తామంటే మరింత ఇవ్వాలి.

యువకులు ఫోన్లకు అతుక్కుపోయారు, నాటకం ఎవరు చూస్తారు అని నన్ను అడిగినవారున్నారు. మన సంఘంలో ఇంజినీర్లు ఇళ్ల బేస్‌మెంట్లలో, వీడియో కాల్స్‌లో సాధన చేసి నాటికలు వేయడం లేదా? ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి మరీ వేస్తున్నారు. ఊళ్లోని కుర్రాళ్లకు కొరవడింది ఆసక్తి కాదు. నేర్పే మాస్టారు వయసు మీద పడి ఇంట్లో కూర్చున్నారు, తర్వాతివారు జీతం దొరికే చోటికి వెళ్లిపోయారు. ఆర్నెల్లపాటు ఒక హార్మోనియం మాస్టారికి నెలనెలా గౌరవంగా ముట్టే ఏర్పాటు చేయడానికి, మన మహాసభల వేదిక అలంకరణ ఖర్చులో చిన్న వంతు సరిపోతుంది.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టబోతున్నాను. సాంస్కృతిక నిధిలో కొంత భాగం ఊరి సమాజాల రిహార్సల్స్‌కు విడిగా ఉంచాలి. మాస్టారి జీతం, నటి పారితోషికం, గదికి కరెంటు, పోర్షన్ల జిరాక్సులు, అద్దె కిరీటాలు దాని నుంచే. వేషాలు కట్టేవారిలో ఎక్కువమంది ఆ ఊరివారే అయి ఉండాలి, కొత్తగా నేర్చుకునేవారు కొందరైనా ఉండాలి. లెక్కల పుస్తకం సమాజం రాస్తుంది, నాటకం మర్నాడు దాని నకలు పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తుంది. ఫ్లెక్సీ కట్టదలచుకుంటే దాని మీద ఆడినవారి ఫొటోలు, హార్మోనియం వాయించినవారి ఫొటో ఉండాలి. మన ఫొటోలు వద్దు.